ఇసక మీద కేకు

రాజమండ్రిలో మార్చి వచ్చిందంటే ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళల్లో తెల్లవారుజామున నాలుగింటికే లైటు వెలిగేది. 1980ల నాటి మాట. ఆ వేళప్పుడు చదివింది బుర్రలో నిలుస్తుందని పెద్దవాళ్ళందరి నమ్మకం. మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకింట్లో వృక్షశాస్త్రం, పక్కింట్లో త్రికోణమితి, ఎదురింట్లో ఇంగ్లీషు పాఠాల సారాంశం, పైకి చదివే గొంతులు ఒకదాని మీదొకటి పడి వినిపించేవి. గాలి అటు నుంచి వీచిన రోజున బొమ్మూరు హార్లిక్స్ ఫ్యాక్టరీ మాల్టు వాసన ఊళ్ళోకి వచ్చేది. నిద్రకళ్ళతో పుస్తకం పట్టుకున్న పిల్లలకి ఆ వాసనతో ఎక్కడలేని ఆకలీ పుట్టుకొచ్చేది.

పబ్లిక్ పరీక్షలకి ముందు కాలేజీలు తరగతులు ఆపేసి పిల్లల్ని ఇంటి దగ్గర చదువుకోమనేవి. ప్రిపరేషన్ హాలిడేస్ అనేవాళ్ళం. ఆ సెలవుల్లో అన్నిటికీ అడ్డే. సినిమా లేదు. వివిధభారతి లేదు. దగ్గరవాళ్ళ పెళ్ళయినా సరే, ఇంటిల్లిపాదీ వెళ్తూ పరీక్షలున్న పిల్లని మామ్మకి తోడుగా దింపి పోయేవారు. ఒక్క వంటింటికి మాత్రం అడ్డు లేదు. ఆడపిల్ల వంటింట్లోకి వెళ్తే చదువు మానేసిందని ఎవరూ అనుకోరు, అమ్మకి సాయం చేస్తోందనుకుంటారు. ఆ సందులోంచే మా వీధిలో కేకులు పుట్టుకొచ్చాయి. ఒకరింట్లో చేస్తే వాసన నాలుగిళ్ళకి వెళ్ళేది. మర్నాడు ఆ నాలుగిళ్ళలోనూ మైదా జల్లెడ బయటికి వచ్చేది.

ఓవెన్ అన్నది మా వీధిలో ఒక్క ఇంట్లోనే ఉండేది. గుండ్రటి అల్యూమినియం పెట్టె, మూత మధ్యలో గాజు బిళ్ళ, పక్కన కరెంటు తీగ. ఎంత వేడెక్కిందో చెప్పే సాధనం దానికేమీ లేదు. గాజులోంచి తొంగిచూసి రంగుని బట్టి స్విచ్చి ఆపుకోవడమే. ఆ ఇంటివాళ్ళు అడిగితే ఇచ్చేవారు కానీ మార్చి నెలలో ఆ ఊరి కరెంటుని నమ్ముకుని కేకు పెట్టడం కుదిరే పని కాదు. మిగిలిన మా అందరికీ ఓవెన్ అంటే ప్రెషర్ కుక్కరూ, దాన్నిండా గోదావరి ఇసకా.

ఇసకకి కొదవేమీ లేదు. ఎవరో ఒకరు ఇల్లు కట్టుకుంటూ వీధిలో కుప్ప పోయించుకునేవారు. అందులోంచి ఓ బక్కెట్టు తెచ్చుకుని, గవ్వలూ గులకరాళ్ళూ పోయేలా జల్లించి, నీళ్ళు తేటపడేదాకా కడిగి, డాబా మీద పాత చీర పరిచి ఆరబెట్టుకునేవాళ్ళం. మార్చి ఎండకి పూటలో గలగలలాడేది. కుక్కరు అడుగున రెండంగుళాల మందాన ఆ ఇసక పోసి, మూతకున్న రబ్బరూ వెయిటూ తీసేసి, ఓ పావుగంట ఖాళీగా వేడెక్కించాలి. అప్పుడు ఇసక మీద చిన్న స్టాండు పెట్టి దాని మీద కేకు గిన్నె దించాలి. ఇసక మంటని నేరుగా గిన్నెకి తగలనివ్వదు. నెమ్మదిగా వేడెక్కుతుంది, ఒకసారి వేడెక్కాక అంత తొందరగా చల్లారదు. స్టవ్వు సెగ గాలికి ఊగినా లోపల వేడి ఊగదు. అదే ఇసకని వేసవంతా వాడేవాళ్ళం. పోనుపోను అది కాఫీపొడి రంగుకి తిరిగేది.

కేకుని ఇడ్లీపాత్రలో పెడితే ఎందుకు ఎర్రబడదో నాకు అర్థమైంది ఈ ఇసక వల్లనే. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతాయి, ఆ ఆవిరి చుట్టూ ఉన్నంతసేపూ వేడి ఆ గీత దాటదు. పిండి ఉడుకుతుంది, అంతే. పైన గోధుమరంగు రావాలన్నా, ఆ కాలిన కమ్మదనం పట్టాలన్నా దాదాపు 140 డిగ్రీలు దాటిన పొడి వేడి కావాలి. ఇసకకి ఆ గీత లేదు. సోడా సంగతీ ఇంతే. సోడియం బైకార్బనేటు వేడికి సోడియం కార్బనేటు, నీరు, కార్బన్ డయాక్సైడు అవుతుందని మా కెమిస్ట్రీ పుస్తకంలో సమీకరణం ఉండేది. లాబ్‌లో ఆ వాయువుని సున్నపుతేటలోకి పంపి తెల్లబడితే రికార్డులో రాసుకునేవాళ్ళం. కేకు కోసినప్పుడు కనిపించే కన్నాలన్నీ ఆ వాయువు పోతూ పోతూ వదిలిన గదులే. వట్టి సోడా ఎక్కువైతే మిగిలిపోయే కార్బనేటుకి సబ్బు రుచి వస్తుంది. అందుకే పెరుగో నిమ్మరసమో పడాలి. ఆ పులుపు తగిలిన క్షణం నుంచే వాయువు పుడుతుంది కాబట్టి కలిపిన పిండిని కూర్చోబెట్టకుండా వెంటనే సెగకెక్కించాలి. ఇదంతా పుస్తకంలోనే ఉంది. కానీ పుస్తకంలో ఉన్న మాట చేతిలో ఉన్న గరిటెకి సంబంధించినదని ఏ మాస్టారూ మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే కెమిస్ట్రీ అంటే హడిలిపోయే పిల్లలు సగానికి సగం తగ్గేవారని ఇప్పటికీ నా నమ్మకం.

పాకం తెలిసిన ఇళ్ళే కానీ కేకు తెలిసిన ఇళ్ళు కావు మావి. అమ్మ పెళ్ళికి ఎవరో కానుకగా ఇచ్చిన మాలతీ చందూర్ గారి ‘వంటలు - పిండివంటలు’ అట్టలూడి మా అలమరలో ఉండేది. ఆంధ్రప్రభలో ఆవిడ నడిపే ప్రమదావనం శీర్షికని అమ్మ వదలకుండా చదివేది. గౌతమీ గ్రంథాలయంలో పాత వారపత్రికల బైండ్లు తిరగేసి వంటల పేజీలు రఫ్ నోట్సు వెనక అట్ట మీద రాసుకొచ్చేవాళ్ళం. అయితే చూసి నేర్చుకున్నది మాత్రం లూథర్‌గిరి వైపు ఉండే నా స్నేహితురాలి వాళ్ళమ్మగారి దగ్గర. ఆవిడ బడి టీచరు. మిషన్ ఆస్పత్రి నర్సుల దగ్గర ఆ టీచరు గారి తల్లి నేర్చుకున్న కేకు అది. క్రిస్మస్‌కి ముందు వాళ్ళ పేటలో పిండి కలిపి ట్రేలకెత్తి బేకరీ బట్టీకి మోసుకెళ్ళేవారు. రాత్రి బన్నులూ బ్రెడ్డూ కాల్చడం అయిపోయాక చల్లారుతున్న కట్టెల బట్టీలో, బేకరీ ఆయన తలా ఇంత అని తీసుకుని ఇళ్ళవాళ్ళ కేకులు కాల్చి ఇచ్చేవాడు. ట్రేకి అడ్డదిడ్డంగా చిన్న కాగితం అంటించి పేరు రాసేవారు. ఎవరి కేకు ఎవరింటికి వెళ్ళిందోనన్న గొడవ ఏటా ఉండేదే.

టీచరు గారికి తూకపు రాళ్ళతో పని లేదు. తక్కెడలో ఒక సిబ్బిలో నాలుగు కోడిగుడ్లు పెట్టేవారు. రెండో సిబ్బిలో వాటికి సరితూగే వెన్న. అది తీసి అంతే పంచదార. అది తీసి అంతే మైదా. అన్నీ సమాన తూకం. నాలుగు గుడ్లంటే ఇంచుమించు 200 గ్రాములు. గుడ్డు చిన్నదైతే అన్నీ తగ్గుతాయి, పెద్దదైతే అన్నీ పెరుగుతాయి, కేకు మాత్రం చెడదు. అంత తెలివైన కొలత నేను మరెక్కడా చూడలేదు. మాకు పుస్తకాల్లో దొరికేవన్నీ ఔన్సులు, ఇంట్లో ఉన్నవి గిద్ద, సోల, తవ్వ. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ అని మామ్మ చెప్తూంటే ఔన్సుల్ని గిద్దల్లోకి దించుకుని లెక్క కట్టుకునేవాళ్ళం.

మా ఇంట్లో గుడ్డు గడప దాటి రాదు. 1982లో బి.వి. రావు గారు కోళ్ళ రైతులని కూడగట్టి గుడ్ల సమన్వయ కమిటీ పెట్టాక గుడ్డు తినమని ఎక్కడ చూసినా ప్రకటనలే. తణుకు వైపు కోళ్ళఫారాలు పొలాల మధ్య వరసగా లేచాయి. అయినా మామ్మ దృష్టిలో గుడ్డు గుడ్డే. దానికి అమ్మ కనిపెట్టిన ఉపాయం మిల్క్‌మెయిడ్. 400 గ్రాముల డబ్బా. అది చవక వస్తువేం కాదు. నెల సరుకుల జాబితాలో అడుగున, నాన్నగారి కంట తొందరగా పడని చోట రాసేది. ఆ డబ్బాలోని చిక్కటి తీపి పాలలో వెన్న కలిపి, మైదా, సోడా, కాస్త వెనిగర్ వేస్తే గుడ్డు లేకుండానే పొంగేది. వెనీలా సీసా అయిపోతే యాలకులు దంచి వేసేవాళ్ళం. నాకు ఆ యాలకుల కేకే ఎక్కువ ఇష్టం. ఈనాటి బేకరీ వెనీలాలో ఆ ఘాటు లేదు.

వెన్న కోసమే తెల్లవారుజామున లేవాల్సి వచ్చేది. గేదెపాల మీగడ పోగుచేసి చిలికిన తెల్లటి వెన్న, రాజమండ్రి మార్చిలో పొద్దెక్కాక పళ్ళెంలో పెడితే కరిగి నూనె అవుతుంది. కరిగిన వెన్నలో పంచదార వేసి ఎంత గిలక్కొట్టినా గాలి నిలవదు, గాలి నిలవకపోతే కేకు లేవదు. నాలుగింటికి లేచిన పిల్లలకి ఆ చల్లటి గంటన్నర వరం. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, సత్తుగిన్నె కాళ్ళ మధ్య పెట్టుకుని, చెక్క గరిటెతో ఒకే వైపు తిప్పుతూ నోటితో చదువు. పక్కింటి ఎం.పి.సి. అబ్బాయి వాళ్ళ చెల్లెలికి పంచదార దంచిపెడుతూ సూత్రాలు అప్పజెప్పేవాడు. పరీక్షల నెలలో ఆ ఇంట్లో మగపిల్లాడు రోకలి పట్టుకుంటే ఎవరూ వింతగా చూడలేదు.

పిండి కుక్కర్లోకి దిగాక చెయ్యాల్సిన పని ఒక్కటే, మూత తియ్యకుండా కూర్చోవడం. తీస్తే చల్లగాలి తగిలి మధ్యలో కుంగిపోతుంది. వత్తుల స్టవ్వు మీద సన్నసెగని ముప్పావుగంట పైన పట్టేది. అంతసేపూ స్టవ్వు పక్కన పీట వేసుకుని చదవడమే. గడియారం చూసే పని లేదు. మొదట పచ్చిపిండి వాసన, తర్వాత పాలు కాగిన వాసన, ఆ తర్వాత వెన్న కాలిన వాసన. ఆ మూడోది వచ్చేసరికి క్రెబ్స్ వలయం ఒక చుట్టు పూర్తయ్యేది. అప్పుడు కొబ్బరి ఈనె ఒకటి కడిగి గుచ్చి చూడాలి. తడి అంటకుండా బయటికి వస్తే అయినట్టు. ఆ గంటలో చదివినంత శ్రద్ధగా నేను మరే వేళా చదవలేదు. లేవడానికి వీల్లేదు, తొందరపడడానికి వీల్లేదు, వదిలెయ్యడానికీ వీల్లేదు.

ఇసక కుక్కరుకి ఒక లోటుంది. వేడంతా కిందనుంచే. అడుగు ముదురు రంగు తిరిగేసరికి పైన ఇంకా పాలిపోయి ఉండేది. తిరగేసి పెడదామంటే విరుగుతుంది. పత్రికల్లో దీనికి మందు ఎక్కడా రాయలేదు. చెప్పింది మా మామ్మ. గుడ్డు లేదని తెలిశాక ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరికి పీట లాక్కుని కూర్చునేది.

“ఇదేం రొట్టే అమ్మడూ, అడుగు మాడుతోంది, పైన తెల్లమొహం వేసుకుంది.”

“పైనుంచి వేడి లేదు మామ్మా. దానికి ఓవెన్ ఉండాలి.”

“దిబ్బరొట్టెకి ఏ ఓవెన్ ఉందే? మూత మీద నాలుగు నిప్పులెయ్యి.”

మినప్పప్పు రుబ్బి బియ్యపు రవ్వ కలిపి, దళసరి మూకుట్లో పోసి, కింద సన్నసెగ, మూత మీద నిప్పులు పెట్టి నిదానంగా కాల్చే దిబ్బరొట్టె గోదావరి జిల్లాల వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా, చెరకు పానకంలో ముంచుకుని తినే ఆ రొట్టెని మామ్మ చిన్నప్పటి నుంచీ చేస్తోంది. చలికాలంలో తేగలు కుండలో పేర్చి చుట్టూ మంటేసి కాల్చే తంపటా ఆవిడకి తెలుసు. కేకు ముక్క నోట పెట్టకుండానే కేకు కాల్చడం ఆవిడకి వచ్చు. కొబ్బరిచిప్పలు కుంపట్లో కాల్చి, మంట పోయి ఎర్రగా కణకణలాడే నిప్పులని పట్టకారుతో తీసి మూత మీద గుండ్రంగా పేర్చింది. మధ్యలో వద్దు, అంచులకే పెట్టాలంది. కాసేపటికి మూత సందుల్లోంచి వచ్చిన వాసన అంతకుముందు ఎప్పుడూ రానిది. కేకు పైభాగం అంతటా సమంగా ఎర్రబడి, మధ్యలో చిన్న పగులు తీసుకుంది. టీచరు గారికి ఒక ముక్క పంపితే, నిప్పుల సంగతి తెలుసుకోవడానికి ఆవిడ తనే మా ఇంటికి వచ్చారు. మిషన్ నర్సుల కేకూ, మా మామ్మ దిబ్బరొట్టే ఆ వేసవిలో మా వంటింట్లో కలిశాయి. ఆ తర్వాత వీధిలో కొబ్బరిచిప్పలు పారెయ్యడం మానేశారు.

కేకు ఏ ఇంట్లో చేసినా ఆ ఇంటివాళ్ళే తినడం అన్నది ఉండేది కాదు. కోసిన ముక్కలు స్టీలు పళ్ళెంలో పెట్టి, పైన ఇస్త్రీ చేసిన జేబురుమాలు కప్పి, పరీక్షలున్న పిల్లల ఇళ్ళకి పంపేవారు. పళ్ళెం ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. జంతికలో, ఆ వేళకి కాసిన మునక్కాడలో, ఏదో ఒకటి ఉండేది. పరీక్ష రోజు పొద్దున ఎదురింటి పిన్నిగారు నీళ్ళబిందెతో ఎదురొచ్చేవారు. కేకు ముక్క పేపర్లో చుట్టి పెన్నుల పెట్టె పక్కన పెట్టుకునేవాళ్ళం. సెంటరు దగ్గర వేపచెట్టు కింద గేటు తెరిచేదాకా నిలబడి తలా ఇంత తుంచుకునేవాళ్ళం. ఎవరింటి కేకులో సోడా ఎక్కువైందో, ఎవరింట్లో టూటీఫ్రూటీ వేశారో అక్కడే తేలిపోయేది. ఆ ఎర్రటి, పచ్చటి ముక్కలు పచ్చి బొప్పాయికాయని పాకంలో వేసి రంగులద్దినవని చెప్తే నమ్మని వాళ్ళు ఆ చెట్టు కింద చాలామంది ఉండేవారు.

ఆ స్టవ్వులని తలుచుకుని మాత్రం నేను బెంగపడను. కిరసనాయిలు కోసం రేషన్ షాపు ముందు అమ్మ నిలబడ్డ గంటలు నాకు గుర్తున్నాయి. ఆ మసికి గోడలూ, ఊపిరితిత్తులూ నల్లబడ్డాయి. స్టవ్ పేలి యువతి మృతి అన్న వార్త ఆ రోజుల్లో పేపర్లో తరచూ కనబడేది. అందులో ఎన్ని నిజంగా పేలాయో, ఎన్నింటి వెనక కట్నం ఉందో చదివేవాళ్ళకి తెలుసు. 1999లో దీపం పథకం కింద పేదింటి ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. కుక్కర్లో ఇసక పోయడం మానేసినందుకు ఎవరూ బాధపడక్కర్లేదు.

నా బాధ వేరు. 1986లో ఎంసెట్ ప్రవేశ పరీక్ష మొదలైంది. రెండు మూడేళ్ళు తిరిగేసరికి పిల్లల్ని విజయవాడ, గుంటూరు హాస్టళ్ళకి పంపడం మా వీధిలో మర్యాద కిందికి వచ్చేసింది. ఆ తర్వాత ప్రతి జిల్లాలోనూ అలాంటి హాస్టళ్ళే లేచాయి. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు, ఆదివారం పరీక్ష, ఇంటికి రావాలంటే వార్డెన్ సంతకం. పరీక్షల ముందు ఇంట్లో ఉండి చదువుకునే నెల అన్నది మాయమైపోయింది. పిల్లలు లేని వంటింట్లో నాలుగింటికి లైటు ఎవరు వేస్తారు? మా తర్వాత అయిదారేళ్ళకి మా వీధిలో పైకి చదివే గొంతు ఒక్కటి కూడా వినబడలేదు. ఇళ్ళు అవే, తల్లులు వాళ్ళే. పదహారేళ్ళ పిల్లలు మాత్రం లేరు.

ఇప్పుడు ఓవెన్లున్నాయి. కొలత కప్పులు, వేడి చూపించే మీటర్లు, ఫోనులో చేసి చూపించేవాళ్ళు, ఏది కావాలంటే అది గంటలో ఇంటికి చేరుతుంది. హైదరాబాదు ఫ్లాట్లలోనూ, అమెరికాలో మా అక్కయ్య మనవరాలి ఇంట్లోనూ నా కేకు కన్నా ఎంతో నున్నగా ఉండే కేకులు చేస్తున్నారు. ఆ మనవరాలు తన ఫైనల్స్ వారంలో అర్ధరాత్రి బనానా బ్రెడ్ చేస్తుందట. విని చాలా సంతోషించాను. ఇక్కడ మాత్రం పరీక్ష పేరు చెప్పి వంటింటి తలుపు మూసేస్తున్నాం. మార్కుల్లో కలవని పని ఒక్కటి, తన చేత్తో మొదలుపెట్టి తన కళ్ళముందు పూర్తయ్యే పని ఒక్కటి, ఆ నెలలో పిల్లలకి ఉండాలి. మా అమ్మ ఈ మాట ఎప్పుడూ అనలేదు. మిల్క్‌మెయిడ్ డబ్బా జాబితాలో రాసింది, అంతే.

అందుకే ఇది చదువుతున్న తల్లిదండ్రులకి ఒక్క మాట. ఇంటర్ చదివే మీ పిల్లో పిల్లాడో పుస్తకం మధ్యలో లేచి కేకు చేస్తానంటే, పరీక్షలయ్యాక చేద్దువుగాని అనకండి. పరీక్షలు అయ్యేసరికి మా ఇళ్ళల్లోకి మామిడికాయలు దిగేవి. ఆవకాయ ముక్కలు తుడవడం, కారం దంచడం, జాడీలు ఎండబెట్టడంతో వంటిల్లు పెద్దవాళ్ళ చేతికి వెళ్ళిపోయేది. మాకూ సినిమాలు, అమ్మమ్మగారి ఊళ్ళు వచ్చిపడేవి. పరీక్షలయ్యాక మా వీధిలో ఎవరూ కేకు చెయ్యలేదు.